ఎంతసేపు

పాత ఆంప్లిఫయర్ పద్దెనిమిది కిలోలు.
చలికాలమంతా పిల్లి దాని మీదే పడుకునేది.
అది కాలిపోయాక
మేనల్లుడు యెల్మర్ గ్రోనింగెన్ నుంచి
అరచేతి వెడల్పు పలకొకటి తెచ్చి
రేకు డబ్బాలో నాలుగు మరలతో బిగించాడు.
పిల్లి ఎక్కింది, వాసన చూసింది,
ఆరిన పొయ్యిలా ఉందనుకుందేమో, దిగిపోయింది.

నాదీ పిల్లి అభిప్రాయమే.
నలభై ఏళ్ళు చర్చి ఆర్గన్‌లు శ్రుతి చేసినదాన్ని.
గొట్టం పెదవి దగ్గర గాలి ఎక్కడ తడబడుతుందో
వేలి కొసతో చెప్పగలను.
ఇదేమో ఉత్త మీట. వేస్తుంది, ఆపుతుంది,
సెకనుకు నాలుగు లక్షల సార్లు
అవును, కాదు, అవును, కాదు.
"మరి సంగీతం ఎక్కడుందిరా?"
"అవును ఎంతసేపు, కాదు ఎంతసేపు, అందులో ఉంది గేస్కె అత్తా,"
అన్నాడు రొట్టెకి వెన్న రాస్తూ.
చివర్లో ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్,
పిప్పి ఆపి రసం వదులుతాయట.

మొదటి రాత్రి
సంగీతం కంటే ముందు హోరు వచ్చింది.
యెల్మర్ మీటర్ కోసం సంచీ వెతికాడు.
నేను తల వంచి విన్నాను.
పెడల్ వరుసలో కింది జి,
దానికి అరమెట్టులో మూడోవంతు పైన.
"యాభై హెర్ట్జ్," అన్నాను. మీటర్ ఒప్పుకుంది.
ఈ దేశంలో ప్రతి గోడలోనూ మూలుగుతున్న స్వరం,
పుట్టుకతోనే శ్రుతి తప్పినది.
దాన్ని సరిచేయమని నన్నెవరూ పిలవలేదు.

పలకని తిట్టాం. దాన్ని చేసినవాణ్ణి తిట్టాం.
ఫ్రిజ్ ఆపి చూశాం, పాలు విరిగాయి.
తెల్లవారుజామున దొంగ టీవీ వెనకాల దొరికింది:
గోడలోంచి వచ్చే కేబుల్.
రెండు దారుల్లో భూమిని తాకి
ఇల్లంతా ఒక ఉంగరం చుట్టి కూర్చుంది.
పీకేశాను.
గట్టు అవతల సముద్రం వినిపించింది.

తర్వాతి పనులకి తెలివి అక్కర్లేదు, నడుము కావాలి.
స్పీకర్లు గోడ నుంచి రెండు జానలు ముందుకి.
కాదు, మూడు.
కిటికీకి మందపు తెర.
వట్టి గోడకి పుస్తకాల అల్మరా, ఎగుడుదిగుడుగా
(సర్దితే పాడైంది, మళ్ళీ చెదరగొట్టాను).
ముందు డబ్బాలో గెయిన్ తగ్గిస్తే
బుసబుస పోయింది,
దీనికి అరిచి చెప్పనక్కర్లేదు.
యెల్మర్ ఖరీదైన తీగలు కొందామన్నాడు.
ఆ డబ్బుతో తివాచీ కొనమన్నాను.

అప్పుడు టేపు పెట్టాను.
మా చర్చి. వాయించింది హార్మ్.
కింద గ్యాస్ తోడితే నేల కదిలి
గోడలు బీటలు వారకముందు,
ఆర్గన్‌ని విప్పి పెట్టెల్లో పేర్చకముందు.
ఎన్నిసార్లు విన్నానో పాత వేడి డబ్బాలో!
ప్రతిసారీ పైన తేనె పూసినట్టుండేది.
ఇప్పుడు తేనె లేదు.
తిత్తి ఊపిరి తీయడం వినిపించింది.
ఎడమవైపు బల్ల కింద ఎవరిదో కొయ్యజోడు కదిలింది.
ఆ తర్వాత, నా తప్పు.
నాలుగడుగుల వరుసలో ఎఫ్ షార్ప్,
గోరంత దిగి ఉంది.
ఆ శనివారం వేళ్ళు కొంకర్లు పోయే చలి,
చీకటి పడకముందే ఇంటికి పోవాలని తొందర.
ఎవరికీ తెలియదనుకున్నాను.

ఆర్గన్ మీటకి మెత్తగా నొక్కడమంటూ లేదు.
నొక్కావా, వదిలావా.
హార్మ్ ఆ ఒక్క స్వరాన్ని
వచ్చిన ప్రతిసారీ
మిగతావాటిలో సగం సేపే ఉంచి తీసేశాడు,
నవ్వొచ్చి నోరు మూసుకున్నవాడిలా.
ముప్పై ఒక్క ఏళ్ళకి విన్నాను.
ఒక్క మాట అనలేదు నాతో, చనిపోయేదాకా.

టేపు అయిపోయి చక్రం ఊరికే తిరుగుతోంది.
"ఎలా ఉంది అత్తా?" అన్నాడు యెల్మర్.
"పై స్వరాలు కాస్త ఎక్కువ," అని
లేచి కుడి స్పీకర్‌ని
వేలెడు పక్కకి తిప్పాను.